బాల్డర్స్ గేట్ 3లో మాంత్రికుణ్ణి నడపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరు మారతహళ్ళిలో ఒకే ఫ్లాటులో ఉండే నలుగురు తెలుగువాళ్ళం శనివారం రాత్రి భోజనాలు ముగిశాక నాలుగు కంప్యూటర్లు ఒకే వైఫైకి కలిపి బాల్డర్స్ గేట్ 3 ఆడతాము. అందులో గేల్ అనే మాంత్రికుడి పాత్ర మొదటి నుంచీ నాది. మా ఆట చూసి తామూ మొదలుపెట్టిన స్నేహితులు ఆఫీసు బస్సులోనూ ఫోనులోనూ నన్ను అడిగే ప్రశ్నలు ఇంచుమించు అవే కావడంతో వాటిని ఒకచోట రాసి ఉంచుతున్నాను. ఈ ఆటను బెల్జియంకు చెందిన లారియన్ స్టూడియోస్ 2023 ఆగస్టు 3న కంప్యూటర్లకు విడుదల చేసింది. నియమాలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే, పుస్తకం చూసి బల్ల మీద పాచికలతో ఆడే ఆట ఐదవ ఎడిషన్ నుంచి తీసుకున్నవే అయినా లారియన్ వాటిని చాలాచోట్ల మార్చింది. కింద ఇచ్చిన లెక్కలన్నీ కంప్యూటర్ ఆటవి, బ్యాలెన్స్‌డ్ అనే మధ్యస్థ కష్టం స్థాయికి సంబంధించినవి.

విజార్డ్ (మాంత్రికుడు) అందరికంటే శక్తిమంతుడని విన్నాను. నా చేతిలో రెండు దెబ్బలకే పడిపోతున్నాడు. ఎందుకు?

మొదటి లెవెల్లో అతను నిజంగానే బలహీనుడు. ఫైటర్ (ఆయుధాలతో పోరాడే యోధుడు) ప్రాణం 10 పాయింట్లకు కాన్‌స్టిట్యూషన్ (ఒంటి దారుఢ్యం) బోనస్ కలుపుకొని మొదలైతే విజార్డ్‌ది 6కు కలుపుకొని మొదలవుతుంది, అంటే గేల్‌కు మొత్తం 8 పాయింట్లు. మంత్రాల స్లాట్లు, అంటే మళ్ళీ పడుకుని లేచేదాకా మంత్రాలు వేయగల అవకాశాలు, రెండే. అయిదో లెవెల్‌కు వచ్చేసరికి మొదటి స్థాయివి 4, రెండో స్థాయివి 3, మూడో స్థాయివి 2 చేతికి వస్తాయి. ఆటలో చివరిదైన పన్నెండో లెవెల్‌కు ఆరో స్థాయి స్లాటు ఒకటితో కలిపి మొత్తం 16 అవుతాయి. కాబట్టి మొదటి నాలుగు లెవెళ్ళలో అతనితో శత్రువును చంపించాలని చూడకండి. శత్రువుకు ఒక టర్న్ (వంతు) దక్కకుండా చేయడమే అప్పుడు అతని పని. నన్నడిగితే పన్నెండో లెవెల్లో కూడా అసలు పని అదే, కాకపోతే అప్పటికి అది ఒకేసారి అయిదారుగురి మీద చేయగలుగుతాడు.

గేల్‌కు పాయింట్లు ఎలా పెంచాలి?

గేల్ ఇంటెలిజెన్స్ 17తోనూ కాన్‌స్టిట్యూషన్ 15తోనూ వస్తాడు. రెండూ బేసి సంఖ్యలే. ఈ ఆటలో సరి సంఖ్యకు చేరినప్పుడే బోనస్ పెరుగుతుంది కాబట్టి నాలుగో లెవెల్లో వచ్చే రెండు పాయింట్లను చెరొకటి వేస్తే ఇంటెలిజెన్స్ 18, కాన్‌స్టిట్యూషన్ 16 అయి, ఒకే ఫీట్‌తో (కొన్ని లెవెళ్ళకోసారి ఎంచుకునే అదనపు సామర్థ్యంతో) రెండు బోనసులూ పెరుగుతాయి. నాకు తెలిసి దీనికంటే లాభసాటి బేరం అతనికి ఆటంతా వెతికినా దొరకదు. అయిదో లెవెల్‌కు అతని మంత్రాలను తప్పించుకోవడానికి శత్రువు ఇరవై ముఖాల పాచికతో అందుకోవలసిన సంఖ్య 15 అవుతుంది. అంటే ఏ బోనసూ లేని శత్రువు నూటికి 70 సార్లు మంత్రానికి చిక్కుతాడు. ఇప్పటికే పొరపాటుగా పెంచుకున్నవారు శిబిరంలో ఉండే విథర్స్ అనే పాత్రకు 100 బంగారు నాణేలిస్తే మొదటి నుంచి మళ్ళీ ఎంచుకోవచ్చు.

ఏ స్కూల్ (మంత్రవిద్య శాఖ) ఎంచుకోవాలి?

స్నేహితులతో కలిసి ఆడుతున్నట్లయితే ఎవొకేషన్, అంటే మంట, మెరుపు వంటి దెబ్బకొట్టే మంత్రాల శాఖ. రెండో లెవెల్లో వచ్చే స్కల్ప్ట్ స్పెల్స్ వల్ల మీ ఎవొకేషన్ మంత్రాల మధ్యలో మనవాళ్ళు నిలబడి ఉన్నా వాళ్ళకు దెబ్బ తగలదు. ఒంటరిగా, నిదానంగా ఆడేవారికి డివినేషన్ (జోస్యం) కూడా బాగుంటుంది. పాచికలను ముందే చూసుకుని వాడుకోవడంలో ఉన్న తృప్తి వేరు.

యుద్ధం మొదలవగానే మొదటి టర్న్‌లో ఏం చేయాలి?

ఈ ప్రశ్నకే ఎక్కువ సమయం ఇవ్వాలి, ఎందుకంటే మాంత్రికుడి విలువలో సగానికి పైగా మొదటి టర్న్‌లోనే తేలిపోతుంది. అయిదుగురు శత్రువులున్న యుద్ధంలో మొదటి టర్న్‌లోనే ఇద్దరిని కదలకుండా చేస్తే, ఆ ఇద్దరూ తర్వాతి మూడు టర్న్‌లలో కొట్టవలసిన ఆరు దెబ్బలు కొట్టలేరు. అదే మంత్రాన్ని నాలుగో టర్న్‌లో వేస్తే, అప్పటికి మనవాళ్ళు ఆ దెబ్బలన్నీ తినేసి ఉంటారు. ఖర్చయ్యే స్లాటు ఒకటే, దక్కే ఫలితం మాత్రం వేరు.

మేము గాబ్లిన్ల స్థావరంలో వాళ్ళ నాయకుడైన హాబ్‌గాబ్లిన్ డ్రోర్ రాగ్జ్‌లిన్ మీద చేసిన యుద్ధాన్ని ఉదాహరణగా చెబుతాను. అప్పటికి మాది నాలుగో లెవెల్. నేను గేల్‌ను గదికి పైనున్న దూలాల మీద నిలబెట్టి మొదటి టర్న్‌లో రాగ్జ్‌లిన్ మీద, శత్రువును కదలకుండా బిగించే హోల్డ్ పర్సన్ వేశాను. ఆ మంత్రం మనుషుల జాతికి దగ్గరి జీవుల మీద, అంటే ఆట లెక్కలో హ్యూమనాయిడ్ల మీద మాత్రమే పనిచేస్తుంది. గాబ్లిన్లూ హాబ్‌గాబ్లిన్లూ ఆ లెక్కలోకి వస్తారు. కదలలేని శత్రువును దగ్గర నుంచి కొట్టిన ప్రతి దెబ్బా క్రిటికల్ అవుతుంది, అంటే పాచికలు రెట్టింపవుతాయి. లేజెల్ అనే ఫైటర్‌ను నడిపే మా అనంతపురం మిత్రుడు రెండు టర్న్‌లలో నాయకుణ్ణి నేలకూల్చాడు. గేల్ పేరు మీద ఆ యుద్ధంలో నమోదైన దెబ్బ సున్నా. అయినా ఆ గెలుపులో గేల్ వాటా అందరికంటే పెద్దదని మా నలుగురి మధ్య రెండో మాట లేదు.

ముందు ఆడే అవకాశం దక్కాలంటే డెక్స్టెరిటీని (చురుకుదనాన్ని) చిన్నచూపు చూడకూడదు. పుస్తకం నియమాల్లో ఇనిషియేటివ్‌కు (ఎవరి తర్వాత ఎవరు ఆడాలో తేల్చడానికి) ఇరవై ముఖాల పాచిక వేస్తారు. ఈ ఆటలో మాత్రం నాలుగు ముఖాల పాచికే కాబట్టి ఒక్క పాయింటు బోనస్ కూడా వరుసను మార్చేస్తుంది. అలర్ట్ అనే ఫీట్ ఇచ్చే అదనపు 5 పాయింట్లు ఇక్కడ దాదాపు ప్రతి యుద్ధంలోనూ మొదటి టర్న్‌ను మీ చేతిలో పెడతాయి.

ఫైర్‌బాల్ ఎప్పుడు వేయాలి?

ముగ్గురికి తక్కువ కాకుండా శత్రువులు ఒకచోట గుమిగూడినప్పుడు వేయాలి. ఫైర్‌బాల్ అనే ఈ నిప్పుబంతి మంత్రం ఆరు ముఖాల పాచికలు 8 వేస్తుంది, సగటున 28 పాయింట్లు. తప్పించుకున్నవాడికి కూడా అందులో సగం తగులుతుంది. మంట వ్యాపించే వ్యాసార్ధం 4 మీటర్లు, వేయగల దూరం 18 మీటర్లు. ఒక్కడి మీద వేస్తే 28 మాత్రమే, నలుగురి మీద వేస్తే వందకు పైనే.

అయితే శత్రువులు తమంతట తాము గుమిగూడతారని ఎదురుచూడటం వేటగాడి పద్ధతి, వాళ్ళను ఒకచోటికి చేర్చడం మాంత్రికుడి పద్ధతి. గుమ్మం ముందు మొదటి స్థాయి మంత్రమైన గ్రీజ్ వేయండి. లోపలికి పరుగెత్తుకొచ్చేవాళ్ళు జారిపడి అక్కడే పోగుపడతారు. ఈ ఆటలో ఆ జిడ్డుకు నిప్పంటుకుంటుంది కాబట్టి తర్వాత వేసిన ఫైర్‌బాల్‌తో నేల కూడా మండుతూ ఉంటుంది. వెబ్ మంత్రం అల్లే సాలెగూడు కూడా అలాగే అంటుకుంటుంది. మన ఫైటర్ ముందు గుమ్మంలో నిలబడి దారి మూసినా ఫలితం దాదాపు ఇదే. మాంత్రికుడు ఎవొకేషన్ వాడైతే ఆ ఫైటర్ మంటల మధ్యలో చెక్కుచెదరకుండా నిలబడతాడు. మొదటిసారి అది చూసినప్పుడు మా గదిలో పుట్టిన కేకలకు కింది అంతస్తు అంకుల్ పైకి వచ్చి తలుపు కొట్టారు.

కాన్‌సంట్రేషన్ అంటే ఏమిటి? నా మంత్రం మధ్యలోనే ఎందుకు ఆగిపోతోంది?

హోల్డ్ పర్సన్, వెబ్, హేస్ట్, స్లో, హిప్నాటిక్ ప్యాటర్న్ వంటి మంత్రాలు నిలవాలంటే మాంత్రికుడు మనసును వాటి మీదే నిలిపి ఉంచాలి. ఇలాంటివి ఒకసారికి ఒకటే సాధ్యం. రెండోది వేసిన క్షణమే మొదటిది పోతుంది. చాలామంది కొత్తవారు హోల్డ్ పర్సన్‌లో శత్రువును బిగించి, మరుసటి టర్న్‌లో స్నేహితుడి మీద హేస్ట్ వేసి, బిగించిన శత్రువును తామే విడిపిస్తున్నామని గమనించరు. మంత్రం మీద మౌస్ ఉంచితే కనిపించే వివరణలో కాన్‌సంట్రేషన్ అనే మాట ఉందేమో చూడటం అలవాటు చేసుకోండి. గ్రీజ్, ఫైర్‌బాల్, మ్యాజిక్ మిసైల్ వంటివాటికి ఈ షరతు లేదు కాబట్టి ఒకటి నిలబెట్టి ఉంచి తర్వాతి టర్న్‌లలో ఇవి ఎన్నైనా వేసుకోవచ్చు.

దెబ్బ తగిలిన ప్రతిసారీ కాన్‌స్టిట్యూషన్ మీద ఒక రోల్ (పాచిక) పడుతుంది. అందుకోవలసిన సంఖ్య 10, లేదా తగిలిన దెబ్బలో సగం, వీటిలో ఏది పెద్దదైతే అది. కాన్‌స్టిట్యూషన్ 16 ఉన్న గేల్ బోనస్ 3 కాబట్టి చిన్న దెబ్బను నూటికి 70 సార్లు ఓర్చుకుంటాడు. ఇది వినడానికి బాగానే ఉన్నా, ఒకే రౌండులో మూడు బాణాలు తగిలితే మంత్రం నిలిచే అవకాశం నూటికి 34కు పడిపోతుంది. ఎనిమిదో లెవెల్లో వార్ క్యాస్టర్ ఫీట్ తీసుకుంటే ప్రతి రోల్‌కూ రెండు పాచికలు వేసి పెద్దది ఉంచుకోవచ్చు. అప్పుడు అవే మూడు బాణాలను నూటికి 75 సార్లు తట్టుకుంటాడు. నేను ఆ ఫీట్‌ను ఇంటెలిజెన్స్ కంటే ముందు తీసుకోవాలనే పక్షం.

హేస్ట్ విషయంలో మరొక హెచ్చరిక. అది పొందినవాడికి అదనపు యాక్షన్ (టర్న్‌లో చేసే ప్రధానమైన పని) దొరుకుతుంది కానీ, మీ కాన్‌సంట్రేషన్ చెదిరితే అతను ఒక టర్న్ పాటు కదలలేక నీరసపడి నిలబడిపోతాడు. శత్రువుల మధ్యకు దూకిన ఫైటర్‌కు ఆ ఒక్క టర్న్ చాలు. మీరు గోడ చాటున లేనప్పుడు హేస్ట్ వేయకండి.

మాంత్రికుణ్ణి ఎక్కడ నిలబెట్టాలి?

ఎత్తులో నిలబెట్టమని అందరూ చెబుతారు. పై నుంచి కొట్టే గురికి 2 కలుస్తుంది, కింది నుంచి కొట్టేవాడికి 2 తగ్గుతుంది. అయితే ఈ లాభం ఫైర్ బోల్ట్ వంటి గురిపెట్టి కొట్టే మంత్రాలకే. ఫైర్‌బాల్‌నూ హోల్డ్ పర్సన్‌నూ తప్పించుకునేది శత్రువు వేసే పాచికే కనుక వాటికి ఎత్తుతో పని లేదు. ఆ రెండింటి మీద ఆధారపడేవాడు ఎత్తు కంటే చాటును ఎంచుకోవడం మేలు. స్తంభం వెనుక నుంచి బయటకు వచ్చి మంత్రం వేసి, మిగిలిన నడకతో మళ్ళీ స్తంభం వెనక్కు వెళ్ళిపోతే విలుకాళ్ళకు మీరు కనబడరు. కాబట్టి టర్న్ మొదట్లోనే నడకంతా ఖర్చు పెట్టేయకూడదు.

ఎత్తుకు మరొక ప్రమాదం ఉంది. ఈ ఆటలో తోసేయడం బోనస్ యాక్షన్ మాత్రమే, అంటే శత్రువు ఒకసారి కొట్టి అదే టర్న్‌లో తోసేయగలడు. గేల్ బలం 8. నేను పైన చెప్పిన దూలాల యుద్ధాన్ని మేము గెలిచింది రెండో ప్రయత్నంలో. మొదటిసారి నేను గేల్‌ను బాగా కనిపిస్తుందని దూలం చివరి అంచున నిలబెట్టాను. ఒక గాబ్లిన్ నిచ్చెనెక్కి వచ్చి, ఒక్క తోపుతో అతన్ని కింద రాగ్జ్‌లిన్ సింహాసనం ముందు పడేసింది. పడిన దెబ్బకు కాన్‌సంట్రేషన్ పోయింది, బిగుసుకుని ఉన్న నాయకుడు కదిలాడు, మరుసటి టర్న్‌కు గేల్ లేడు. ఆ రోజు నుంచి నేను అంచుకు రెండు మూడడుగులు లోపలికే నిలబడుతున్నాను, నిచ్చెనకూ నాకూ మధ్య ఎవరో ఒకరు ఉండేలా చూసుకుంటున్నాను. అడుగు కనబడని అగాధాల పక్కన ఈ జాగ్రత్త మరీ ముఖ్యం, అక్కడ పడినవాడికి దెబ్బల లెక్క ఉండదు, నేరుగా చావే.

శత్రువు నా పక్కకు వచ్చేశాడు. ఇప్పుడేం చేయాలి?

గురిపెట్టి కొట్టే మంత్రాలు వేయకండి, పక్కనే శత్రువు ఉండగా వాటికి రెండు పాచికలలో చిన్నది లెక్కలోకి వస్తుంది. నడిచి తప్పుకుంటే వెనుక నుంచి ఒక దెబ్బ తినాలి. మిస్టీ స్టెప్ రెండో స్థాయి స్లాటుతో, బోనస్ యాక్షన్‌తో మిమ్మల్ని మాయం చేసి దూరంగా నిలబెడుతుంది, అసలు యాక్షన్ మిగిలే ఉంటుంది. పుస్తకం నియమాల్లో అలా చేశాక క్యాంట్రిప్ (స్లాటు ఖర్చు లేని చిన్న మంత్రం) మాత్రమే వేయాలి కానీ, ఈ ఆటలో ఆ అడ్డు లేదు. మాయమై అవతల తేలి, అదే టర్న్‌లో ఫైర్‌బాల్ వేయవచ్చు. అందుకని రెండో స్థాయి స్లాటు ఒకటి ఎప్పుడూ మిస్టీ స్టెప్ కోసం వదిలి ఉంచుతాను.

ఇక రక్షణ సంగతి. మేజ్ ఆర్మర్ ఉదయం లేవగానే వేసుకోవలసినది. గేల్ ఆర్మర్ క్లాస్‌ను (అతన్ని కొట్టాలంటే శత్రువు అందుకోవలసిన సంఖ్యను) అది 14 చేస్తుంది, మళ్ళీ లాంగ్ రెస్ట్ (శిబిరంలో రాత్రి నిద్ర) తీసుకునేదాకా నిలుస్తుంది. యుద్ధం మొదలయ్యాక గుర్తుకొచ్చి వేసుకోవడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. దాని మీద షీల్డ్ రియాక్షన్ (శత్రువు టర్న్‌లో అప్పటికప్పుడు వేసే మంత్రం) మరో 5 కలిపి 19 చేస్తుంది. ఉక్కు కవచం తొడిగిన ఫైటర్‌కు దీటైన సంఖ్య అది.

స్లాట్లు పెద్ద యుద్ధం కోసం దాచుకోవాలా?

దాచుకోకండి. నన్నడిగిన పదిమందిలో తొమ్మిదిమంది విజార్డ్‌లు రాత్రి శిబిరానికి చేరేసరికి సగం స్లాట్లు మిగుల్చుకుని ఉంటారు. పడుకుని లేస్తే స్లాట్లన్నీ నిండుతాయి కాబట్టి మిగిల్చినవి ఎవరికీ పనికిరాలేదు. లాంగ్ రెస్ట్‌కు ఆహారం 40 పాయింట్లు కావాలి. బుట్టలూ పీపాలూ వెతుకుతూ వెళ్ళేవారికి అది ఎప్పుడూ మిగులుతూనే ఉంటుంది. పైగా సహచరుల కథ చాలావరకు శిబిరంలో రాత్రిపూటే నడుస్తుంది. నిద్రపోవడానికి భయపడేవారు ఆ సన్నివేశాలు పోగొట్టుకుంటారు.

విజార్డ్‌కు ఆర్కేన్ రికవరీ కూడా ఉంది. అయిదో లెవెల్లో దానితో యుద్ధాల మధ్య ఒక మూడో స్థాయి స్లాటును, లేదా ఒక రెండోదీ ఒక మొదటిదీ తిరిగి తెచ్చుకోవచ్చు. షార్ట్ రెస్ట్ అతని మంత్రాలకు ఏమీ చేయదు, ప్రాణం మాత్రం పెంచుతుంది.

దొరికిన స్క్రోళ్ళను (మంత్రం రాసి ఉన్న చుట్టలను) చదివేయాలా, నేర్చుకోవాలా?

ఎప్పుడూ వాడేదైతే నేర్చుకోండి, ఒక్కసారి అవసరపడేదైతే దాచి ఉంచండి. నేర్చుకోవడానికి స్థాయికి 50 నాణేల చొప్పున ఖర్చు, సొంత స్కూల్ మంత్రమైతే సగం. ఈ ఆటలో స్క్రోలును ఎవరైనా చదవగలరు కాబట్టి మిగులు స్క్రోళ్ళను ఫైటర్ సంచిలో వేయడం కూడా మంచి పనే.

తడిసిన శత్రువు మీద మెరుపు మంత్రం వేయమంటారు, నిజంగా అంత తేడా ఉంటుందా?

ఉంటుంది. తడిసినవాడికి మెరుపు, చలి మంత్రాల దెబ్బ రెట్టింపు. లైట్నింగ్ బోల్ట్ సగటు 28 కాస్తా 56 అవుతుంది. తడపడానికి నీళ్ళ సీసా విసిరినా చాలు. మా జట్టులో షాడోహార్ట్ అనే పాత్రను నడిపే విశాఖ మిత్రుడు మొదటి స్థాయి మంత్రంతో వాన కురిపిస్తాడు. అయితే అదే తడి మంట దెబ్బను సగానికి తగ్గిస్తుంది. వాన పడ్డాక ఫైర్‌బాల్ వేయకూడదన్న ఒప్పందం జట్టులో ముందే ఉండాలి.

కౌంటర్‌స్పెల్ (శత్రువు మంత్రాన్ని ఆపే మంత్రం) నేర్చుకున్నాను, కానీ అది ఎప్పుడూ పనిచేయడం లేదు.

రియాక్షన్ల జాబితా తెరిచి దాని పక్కన ముందు నన్ను అడగమనే గుర్తు పెట్టారేమో చూడండి. అది పెట్టాక శత్రువు మూడో స్థాయి లేదా అంతకు తక్కువ మంత్రం మొదలుపెడితే కచ్చితంగా ఆపగలరు, అంతకు మించినదైతే రోల్ వేయాలి. ఒక రౌండుకు రియాక్షన్ ఒకటే. షీల్డ్ వాడేస్తే కౌంటర్‌స్పెల్ ఉండదు. శత్రువుల్లో మాంత్రికుడున్న యుద్ధంలో నేను షీల్డ్‌ను ఆపి ఉంచుతాను.

క్యాంట్రిప్‌లతో పని గడిచిపోతుందా?

గెలుపు తేలిపోయిన యుద్ధపు చివరి టర్న్‌లలో గడుస్తుంది.

మా జట్టులో ఎవరూ నా మాట వినరు. ఫైర్‌బాల్ వేసేలోగా అందరూ ముందుకు పరుగెత్తుతారు.

ఇది ఆట సమస్య కాదు, ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు సాగే ప్రతి జట్టు సమస్య. ఈ ఆటలో దీనికి ఒక మంచి వీలుంది. ఇనిషియేటివ్ వరుసలో పక్కపక్కన ఉన్న మనవాళ్ళందరి టర్న్ ఒకేసారి మొదలవుతుంది, వాళ్ళు ఏ క్రమంలోనైనా, ఒకరి యాక్షన్ మధ్యలో మరొకరైనా ఆడవచ్చు. మేము టర్న్ మొదలవగానే ఎవరూ మౌస్ ముట్టకుండా, ముందు మాంత్రికుడు ఎక్కడ మంత్రం వేస్తాడో చెప్పాలని నియమం పెట్టుకున్నాము. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాడి పాత్రను ఆ రాత్రికి మరొకరు నడిపినా ఈ నియమం మారదు. పది సెకన్ల మాటతో చాలా రాత్రులు నిలబడ్డాయి.

మాంత్రికుడు పడిపోతే ముందు ఏం చేయాలి?

పడిపోవడంతోనే అతని కాన్‌సంట్రేషన్ పోతుంది కాబట్టి ముందుగా అతను బిగించి ఉంచిన శత్రువు ఎవరో, ఇప్పుడు ఎవరి పక్కన ఉన్నాడో చూసుకోవాలి. ఆ తర్వాత లేపాలి. చేయూత ఇచ్చే హెల్ప్ యాక్షన్ అతన్ని 1 పాయింటుతో లేపుతుంది, అది తర్వాతి బాణానికే పోతుంది. మందు సీసాను అతని పక్కన నేల మీదికి విసిరితే అంతకంటే ఎక్కువ ప్రాణంతో లేస్తాడు, పక్కనే నిలబడ్డ మరొకరికి కూడా అందుతుంది. లేచిన టర్న్‌లో అతను చేయవలసింది మంత్రం వేయడం కాదు, మిస్టీ స్టెప్‌తో గోడ చాటుకు చేరడం. ఆ స్లాటు అప్పటికే ఖర్చయి ఉంటే, పడినవాడిని వెంటనే లేపకుండా ఒక టర్న్ ఆగి, ముందు అతని పక్కనున్న శత్రువును చంపండి. మూడు డెత్ సేవ్‌లు (ప్రాణం నిలుస్తుందో లేదో తేల్చే పాచికలు) తప్పేదాకా సమయం ఉంటుంది కానీ, పడి ఉన్నవాడికి తగిలే ప్రతి దెబ్బా తప్పుగానే లెక్కలోకి వస్తుందన్నది గుర్తుంచుకుని ఆ ఒక్క టర్న్ ఆగండి.